నాన్న చూసిన గ్రేట్ ఓషన్ రోడ్

మెల్‌బోర్న్‌లో ఉండే తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎవరూ రాసిపెట్టని సిలబస్ ఒకటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగితే మొదటి వారం నిద్ర. రెండో వారం కారమ్ డౌన్స్‌లో శివవిష్ణు గుడి. మూడో వారం ఫిలిప్ ఐలాండ్‌లో పెంగ్విన్లు. నాలుగో వారం గ్రేట్ ఓషన్ రోడ్. ఆ తర్వాత చూపించడానికి ఇంకేమీ గుర్తురాక షాపింగ్ మాల్స్ మీద పడతాం.

నేనిప్పుడు చెప్పబోయేది ఆ నాలుగో వారం పాఠం గురించి. ఆ రోడ్డు ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకవైపు కొండ, ఒకవైపు నీలం సముద్రం, మధ్యలో మెలికలు తిరుగుతూ రోడ్డు. విక్టోరియా రాష్ట్రం దక్షిణ తీరాన టోర్కీ అనే ఊరి నుంచి ఆలన్స్‌ఫర్డ్ వరకు 243 కిలోమీటర్లు. నేను ఉద్యోగానికి ఇక్కడికొచ్చి నాలుగేళ్లయింది. ఫ్రెండ్స్‌తో మూడుసార్లు వెళ్లాను. పొద్దున్నే బయల్దేరడం, పాటలు పెట్టుకోవడం, ట్వెల్వ్ అపోసల్స్ దగ్గర ఫొటోలు దిగి రాత్రికి ఇల్లు చేరడం. నాలుగోసారి అమ్మానాన్నలతో వెళ్లాను. ఆ రోజు నేను చూసింది వేరే రోడ్డు.

ముందు నాన్న గురించి చెప్పాలి. మాది నర్సీపట్నం. నాన్న రోడ్డు పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యారు. వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే ఇంజినీరు కాదు. ఇంజినీరు గీసినదాన్ని కూలీలు చేస్తుంటే పక్కన ఎండలో నిలబడే మనిషి. మస్టర్ రాసేది ఆయనే, కంకర కుప్పలు కొలిచేది ఆయనే. అందుకే మేం తిరుపతి వెళ్తే అందరూ కొండని చూస్తారు, నాన్న ఘాట్ రోడ్డు పిట్టగోడని చూస్తారు. అరకు వెళ్తే మేం లోయని చూస్తాం, ఆయన తూముల్లోకి తొంగిచూస్తారు.

"సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మలూ? మన భీమిలి రోడ్డు లేదా?" అన్నారు ముందురోజు రాత్రి.

"ఆ రోడ్డు వేసి తొంభై ఏళ్లు దాటింది నాన్నా, కొండని చెక్కి వేశారు" అన్నాను.

"పొద్దున్నే ఎన్నింటికి లేవాలి?" అన్నారు.

మార్చి నెల. ఇక్కడ ఎండాకాలం వెళ్లిపోయి, చలి ఇంకా రాని రోజులు. అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేచి పులిహోర కలిపింది, ఇడ్లీలు హాట్‌ప్యాక్‌లో పెట్టింది. ఐదున్నరకి టార్నీట్‌లో బయల్దేరి, జీలాంగ్ దాటి, టోర్కీ వచ్చేసరికి తెల్లారింది. ఇక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి. టోర్కీ నుంచి పడమరకి వెళ్తుంటే సముద్రం కూడా ఎడమవైపే ఉంటుంది. అంటే స్టీరింగ్ కుడివైపు నా దగ్గర, సముద్రం నాన్న కిటికీ కింద. ఫొటోలు బాగా రావాలంటే ఈ దిక్కుగానే వెళ్లాలి. కళ్లు తిరిగేవాళ్లని మాత్రం వెనక సీట్లో కూర్చోబెట్టండి. అమ్మని అలాగే కూర్చోబెట్టాం.

ఎయిరీస్ ఇన్‌లెట్ దాటాక ఈస్టర్న్ వ్యూ అనే చోట రోడ్డుకి అడ్డంగా పెద్ద దుంగలతో కట్టిన కమాను వస్తుంది. దాని మీద రోడ్డు పేరు ఉంటుంది. బస్సులు వచ్చాయంటే అక్కడ ఫొటోకి క్యూ కట్టాల్సిందే. మేం ఎనిమిదింటికే చేరాం కాబట్టి ఎవరూ లేరు. కమాను పక్కన, రోడ్డు పని చేసిన మాజీ సైనికుల కంచు విగ్రహం ఉంది. నాన్న కారు దిగి, కమాను వైపు కాకుండా నేరుగా అటు నడిచారు.

"వీళ్లెవరు?"

మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఇళ్లకి తిరిగొచ్చిన కుర్రాళ్లు. ఊళ్లో పనుల్లేవు. జీలాంగ్ మేయరుగా చేసిన హోవార్డ్ హిచ్‌కాక్ అనే ఆయన ముందుండి ఒక ట్రస్టు నడిపాడు. యుద్ధంలో చనిపోయినవాళ్లకి గుర్తుగా ఒక రోడ్డు వేద్దాం, తిరిగొచ్చినవాళ్లకి పని ఇచ్చినట్టూ ఉంటుంది అన్నది ఆలోచన. 1919లో మొదలుపెట్టారు, 1932లో పూర్తి చేశారు. సుమారు 3,000 మంది పనిచేశారు. పెద్ద యంత్రాల్లేవు. గునపాలు, పారలు, తోపుడు బండ్లు, కొండని పేల్చే మందుగుండు. ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధ స్మారకం ఈ రోడ్డేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కొంత అక్కడున్న పలకల మీద చదివి, కొంత ఫోన్‌లో చూసి నాన్నకి ఇదంతా చెప్పాను.

నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "కూలి ఎంత?"

ఎంతమందిని ఈ కమాను దగ్గరకి తీసుకొచ్చినా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వెతికాను. రోజుకి పది షిల్లింగుల ఆరు పెన్సులు. ఎనిమిది గంటల పని. ఉండటానికి గుడారాలు, వంటకి వేరే గుడారం. తిండికి వారానికి పది షిల్లింగుల దాకా కోసుకునేవాళ్లు. సాయంత్రాలు కాలక్షేపానికి పేపర్లు, పత్రికలు, గ్రామఫోన్, పియానో.

"పియానోనా?" నాన్న గట్టిగా నవ్వారు. "కొండ మీదకి పియానో మోసుకెళ్లారా?"

నవ్వు ఆగాక అడిగారు. "ఏ సంవత్సరం అన్నావ్?"

"మొత్తం అయ్యేసరికి 1932. మనం నించున్న ఈస్టర్న్ వ్యూ నుంచి లోర్న్ దాకా మొదటి ముక్క మాత్రం 1922 మార్చిలోనే తెరిచారు."

"ఇరవై రెండు" అన్నారు నాన్న. తర్వాత ఏమీ అనలేదు.

నర్సీపట్నం వాళ్లకి 1922 అంటే ఇంకేమీ గుర్తురాదు. మా ఊరి నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డు మీకు తెలిసే ఉంటుంది. చలికాలం వస్తే మంచు చూడ్డానికి కార్లు బారులు తీరే రోడ్డు అది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆ అడవుల్లో రోడ్లు వేయించే పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలో ఉండేది. కొండవాళ్లని పట్టుకొచ్చి, కూలి ఇవ్వకుండా వెట్టి చేయించేవాడు. పోడు మీద ఆంక్షలు, అడవిలోకి వెళ్తే కేసులు, దానికి తోడు ఈ రోడ్డు వెట్టి. అల్లూరి సీతారామరాజు వెనక గిరిజనులు నడవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. తుపాకులు, తూటాలు పట్టుకుపోయారు. సినిమాలో మనమంతా చూసిన కథే.

మార్చిలో ఇక్కడ బ్యాండు మేళంతో రోడ్డు తెరిచారు. ఐదు నెలల తర్వాత అక్కడ రోడ్డు వేసినవాళ్లు తిరగబడ్డారు. రెండు చోట్లా ఒకటే సామ్రాజ్యం. రెండు చోట్లా నాణేల మీద ఒకటే జార్జి చక్రవర్తి బొమ్మ. ఒకచోట ఆ నాణేలు పనిచేసినవాడి చేతికి అందాయి, ఇంకోచోట అందలేదు.

లోర్న్‌లో బీచ్ పక్కన బల్ల మీద ఇడ్లీలు తిన్నాం. ఇక్కడ తెల్ల కాకటూలు ఉంటాయి, తల మీద పసుపు జుట్టుతో. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, మన గుడి కోతులకి ఏమాత్రం తీసిపోవు. అమ్మ చేతిలో ఇడ్లీ నోటిదాకా వెళ్లేలోపే ఒకటి వచ్చి ఎత్తుకుపోయింది. "దీని మొహం మండ, అల్లం చట్నీలో ముంచినదే పట్టుకుపోయింది" అంది అమ్మ. అది కొంచెం దూరంలో దిగి, ఒకసారి కొరికి, పడేసి వెళ్లిపోయింది.

లోర్న్ నుంచి అపోలో బే దాకా 45 కిలోమీటర్లే. ఈ రోడ్డు మొత్తంలో ప్రాణం ఈ ముక్కలోనే ఉంది. కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. ఆ దిగే చోట, దాని నడుం మీద రోడ్డు. మలుపు తర్వాత మలుపు. వెనక తొందరగా వెళ్లేవాళ్లు ఉంటే పక్కకి తప్పుకోవడానికి అక్కడక్కడా చోటు ఉంచారు. "ఇది బావుంది" అన్నారు నాన్న. సముద్రం ఇటువైపు అంత అందంగా మెరుస్తుంటే ఆయన తల కుడివైపు తిప్పి, నన్ను దాటి, కొండ వైపు చూస్తున్నారు. కొండకి బిగించిన ఇనప వలలు, రాతిలోకి దింపిన బోల్టులు, కింద రాళ్లు ఆపడానికి కట్టిన గోడలు.

"ఈమధ్య విరిగిపడింది ఇక్కడ" అన్నారు.

నిజమే. 2015 క్రిస్మస్ రోజున వై రివర్ దగ్గర కార్చిచ్చు వచ్చి వందకి పైగా ఇళ్లు కాలిపోయాయి. చెట్లు కాలిపోయాక మట్టిని పట్టుకునే వేళ్లు ఉండవు కదా. మరుసటేడు వానలకి కొండ జారి రోడ్డు మూసేయాల్సి వచ్చింది. అప్పట్నుంచి ఈ వలలు, బోల్టులు. నేను చెప్పకుండానే ఆయన కనిపెట్టేశారు.

"రోడ్డుకి శత్రువు లారీ అనుకుంటారు అందరూ. కాదు, నీళ్లు. కొండ పాదం కోసి రోడ్డు వేశాక ఆ కొండ కుదురుగా ఉండదు. పైనుంచి వచ్చే నీటికి దారి చూపించావా, రోడ్డు ఉంటుంది. లేదా, కొండే దారి చూసుకుంటుంది."

నేను ఇంజినీరింగ్ చదివాను. ఆఫీసులో సిస్టమ్ ఎందుకు కూలిందో రాసే రిపోర్టులు నెలకి రెండు రాస్తాను. ఇంత తేలిగ్గా ఒక్కదాంట్లోనూ రాయలేదు.

మౌంట్ డిఫైన్స్ అనే మలుపు దగ్గర ఆగాం. అక్కడ హిచ్‌కాక్ పేరు మీద కట్టిన స్మారకం ఉంది. పాపం ఆయన రోడ్డు పూర్తవడం చూడలేదు. 1932 ఆగస్టులో గుండెజబ్బుతో పోయాడు, నవంబరులో ప్రారంభోత్సవం. ఆ రోజు ఊరేగింపులో గవర్నరు కారు వెనకాల, ఆయన లేకుండానే ఆయన కారుని నడిపించారట. అది చెప్తే అమ్మ "అయ్యో" అంది. నాన్న రాళ్ల గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు.

అక్కడ చెప్పారు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ల సంగతట. వానాకాలంలో ఒక ఘాట్ మీద కొండచరియ పడితే మట్టి తీయడానికి గ్యాంగ్ వెళ్లింది. మధ్యాహ్నం భోజనాలకి అందరూ పైకి వచ్చేశారు. ఒకతను మాత్రం తట్ట మర్చిపోయానని వెనక్కి వెళ్లాడు. రెండోసారి జారిన మట్టి అప్పుడే పడింది. పాతికేళ్ల కుర్రాడు, కొండ మీద ఊరు.

"పొద్దున్న మస్టర్‌లో వాడి పేరు పక్కన హాజరు వేసింది నేనే. ఒక పూట పని రాయాలా, రోజంతా రాయాలా అని సాయంత్రం గుమాస్తా అడిగాడు. రోజంతా అని రాశాను."

ఈ మాట మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. అమ్మకి తెలుసేమో అని చూశాను. ఆవిడ కళ్లు దించుకుంది, అంటే తెలుసు. నాన్న ఆ అబ్బాయి పేరు, ఇంటిపేరు, ఊరు పేరు చెప్పారు. ఆ ఇంటివాళ్లని అడగకుండా ఇక్కడ రాయడం బాగోదని రాయట్లేదు.

"వీళ్లకి పియానో ఇచ్చారంటే నవ్వాను గానీ" అన్నారు కారెక్కుతూ, "యుద్ధంలోంచి వచ్చిన కుర్రాళ్లు, ఎంత చూసుంటారో. పియానో ఇవ్వడంలో తప్పేం లేదు. మనవాళ్లకి కూలి ఇవ్వకపోవడమే తప్పు."

కొంచెం దూరం పోయాక మళ్లీ ఆయనే, "ఇక్కడ కొండవాళ్లు ఉండేవాళ్లు కాదా?" అని అడిగారు. ఉండేవాళ్లు. ఈ ఓట్వే కొండలు గాడుబనుద్ అనే ఆదివాసులవి. తెల్లవాళ్లు వచ్చిన కొద్ది ఏళ్లలోనే తుపాకులకి, రోగాలకి వాళ్లలో చాలామంది పోయారు. సైనికులు గునపం పట్టుకుని వచ్చేసరికి ఈ కొండ తమదని అడ్డుపడేవాళ్లే మిగల్లేదు. నాన్న తల ఊపారు.

రోజంతా ఇలా బరువుగానే గడిచిందనుకోకండి. కేప్ ప్యాటన్ దగ్గర ఒక కథ చెబుతారు. 1924లో 'కసీనో' అనే స్టీమరు ఇక్కడ రాళ్ల మీద చిక్కుకుంది. బరువు తగ్గించడానికి 500 పీపాల బీరు, 120 పెట్టెల సారా సముద్రంలోకి దొర్లించారు. అవన్నీ తేలుతూ ఒడ్డుకి వచ్చాయి. ఒడ్డున ఎవరున్నారు? మన రోడ్డు కూలీలు. రెండు వారాలు పని ఆగిపోయిందట.

"ఆ పదిహేను రోజులకి మస్టర్ ఎవడు రాశాడో!" అన్నారు నాన్న. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

కెన్నెట్ రివర్‌లో యూకలిప్టస్ చెట్ల కొమ్మల్లో కోలాలు కనిపిస్తాయి. రోజులో ఎక్కువ భాగం నిద్రపోయే జంతువు అంటే, "మీ తమ్ముడికి చుట్టం" అంది అమ్మ. అపోలో బేలో పులిహోర తిని, టీ తాగి బయల్దేరాం. ఇక్కడి నుంచి రోడ్డు సముద్రాన్ని వదిలేసి అడవిలోకి పోతుంది. ఆకాశం కనిపించనంత ఎత్తు చెట్లు, కింద మనిషంత ఫెర్న్ మొక్కలు. ఓ గంటన్నర. ఈ ముక్క బోరు అని అందరూ అంటారు. నాన్న కిటికీ దించి, వాసన పీల్చి, "మన లంబసింగి" అని పడుకున్నారు.

మూడింటికి ట్వెల్వ్ అపోసల్స్ చేరాం. పార్కింగ్ నుంచి రోడ్డు కిందగా వేసిన దారిలో నడిచి వెళ్తే ఒక్కసారిగా ఎదురొస్తాయి. సముద్రంలో విడివిడిగా నిలబడ్డ సున్నపురాయి స్తంభాలు, పెద్దవి 45 మీటర్ల ఎత్తు. అలలు మెత్తటి రాతిని తొలిచి గుహ చేస్తాయి. గుహ రెండువైపులా తెరుచుకుంటే కమాను అవుతుంది. కమాను కూలితే స్తంభం మిగులుతుంది. చివరికి స్తంభమూ కూలుతుంది. 2005 జులైలో ఒకటి చూస్తుండగానే కుప్పకూలింది. పేరుకి పన్నెండుమంది అపొస్తలులు గానీ, ఇక్కడ పన్నెండు ఎప్పుడూ లేవు. అంతకుముందు దీని పేరు 'పంది, పందిపిల్లలు'. టూరిస్టుల కోసం ఈ పేరు పెట్టారు. గాలి కొడితే మనిషిని నెట్టేస్తుంది. ఏ కాలంలో వెళ్లినా స్వెట్టర్ పట్టుకెళ్లండి.

అక్కడికి దగ్గర్లోనే లాక్ ఆర్డ్ గార్జ్. 1878 జూన్ 1న ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్ వస్తున్న లాక్ ఆర్డ్ ఓడ ఇక్కడ రాళ్లకి కొట్టుకుని ముక్కలైంది. 54 మందిలో ఇద్దరే మిగిలారు. టామ్ పియర్స్ అనే కుర్రాడు, ఈవా కార్మైకేల్ అనే అమ్మాయి. అతను ఆమెని ఒడ్డుకి లాగి, గుహలో పడుకోబెట్టి, నిటారు కొండ ఎక్కి సాయం తెచ్చాడు. ఆమె తల్లిదండ్రులు, తోబుట్టువులు ఆ ఓడతోనే పోయారు.

"పెళ్లి చేసుకున్నారా?" అమ్మ వెంటనే అడిగింది. లేదు, ఊరంతా అదే కోరుకుంది గానీ ఆ పిల్ల ఐర్లండ్ వెళ్లిపోయింది అన్నాను. "వెళ్లిపోయిందా! ఏం పిల్లలో" అంది నన్ను చూస్తూ. నాకు ఇరవై ఎనిమిది. ఆ చూపు ఓడ గురించి కాదని మీకు అర్థమై ఉంటుంది.

నాన్న అప్పటికే గట్టు మీద ఉన్న చిన్న శ్మశానం దగ్గర రాళ్ల మీద పేర్లు చదువుతున్నారు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, ఒక్కోటి పైకి.

తిరుగు ప్రయాణం కోలాక్ మీదుగా లోపలి హైవేలో. మూడు గంటలు. చీకటిపడ్డాక సముద్రం రోడ్డు మీద నడపకపోవడమే మంచిది. దారిలో నాన్న ఒక్కటే అడిగారు, టోల్ కట్టలేదేం అని. మొదట్లో ట్రస్టు టోల్ తీసుకునేది, 1936లో రోడ్డుని ప్రభుత్వానికి అప్పగించాక ఎత్తేశారు అన్నాను. "ఎత్తేశారా? నిజంగా ఎత్తేశారా?" అని రెండుసార్లు అడిగి మరీ నిర్ధారణ చేసుకున్నారు.

మెల్‌బోర్న్ వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కమాను దగ్గర ఫొటో అయ్యాక ఇంకో పది నిమిషాలు ఉండి ఆ పలకలు చదవండి. వచ్చే చలికాలం లంబసింగి వెళ్లేవాళ్లు కూడా ఒక మలుపు దగ్గర కారు ఆపి, ఆ గోడల రాళ్ల మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చదవడానికి పలకలేమీ ఉండవు.

నాన్నవాళ్లు ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. మొన్న అమ్మ ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది. నాన్న రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొనుక్కొచ్చి, స్కేలుతో గళ్లు గీసుకుని, పొద్దస్తమానం అందులోనే రాస్తున్నారట. ముప్పై రెండేళ్లలో తన దగ్గర పనిచేసిన గ్యాంగ్ కూలీల పేర్లు. క్రమసంఖ్య, పేరు, ఇంటిపేరు, ఊరు, ఏ రోడ్డు. అచ్చం మస్టర్ లాగే. ఇప్పటికి నలభై మూడు పేర్లయ్యాయి. ఇంటిపేరు గుర్తురాని చోట ఖాళీ వదిలి, చింతపల్లి సంతకి వెళ్లి తెలిసినవాళ్లని అడిగి నింపుతానంటున్నారు.